బంతియాటలో ముందు వరుస

చెడుగుడు మీరందఱు నెఱిగిన ఆట. కూతకు వచ్చినవానిని పట్టునపుడు ఒకరిచేయి నొకరు పట్టుకొని గొలుసుగా నిలుతురు. అందొక చేయి జాఱెనా, తక్కినవారి బలమెల్ల వ్యర్థము. అమెరికా దేశపు కళాశాలలలో ఆడు ఫుట్‌బాల్ ఆటకును ఈ గొలుసే ప్రాణము. ఏటేట ఆగస్టు చివర అచట క్రొత్త ఆటలకాలము మొదలగును. అంతకు ముందే ఏ జట్టు ముందువరుస గట్టిదను చర్చ సాగును. ఆ తారతమ్యము నెట్లు తెలియవలెనో నేడు విన్నవించెదను.

పేరు ఫుట్‌బాల్ అయినను ఈ ఆటలో బంతిని చేతబట్టి పరుగెత్తుటయు, విసరుటయు ప్రధానములు. పక్షమునకు 11 మంది. బంతిగల పక్షము నాలుగు ప్రయత్నములలో 10 గజములు సాగవలెను; సాగనిచో బంతి ఎదిరి పక్షమునకు పోవును. ఆ పక్షమున ఐదుగురు ముందు నిలుతురు. నడుమనున్న సెంటర్ బంతిని వెనుకకందించును. అతని కిరుప్రక్కల గార్డులు, వారి కావల టాకిళ్లు. ఒక్కొక్కడు ఇంచుమించు 300 పౌనులు, అనగా 136 కిలోగ్రాములు తూగును. బంతి విసరువానిని కాచుట, పరుగెత్తువానికి దారి చేయుట వీరి పని. ముందుకు విసరిన బంతిని పట్టు హక్కు వీరికి సామాన్యముగా లేదు. శ్రమ వీరిది, పేరు ఇతరులది.

మిషిగన్, ఓహయో స్టేట్ విశ్వవిద్యాలయముల జట్లు 1897లో తొలిసారి తలపడినవి. నాటినుండి వానికి స్పర్ధ కలదు. 2021లో మిషిగన్ 42–27తో గెలిచెను. నాడు పరుగుచేతనే 297 గజములు సాధించెను. ఉత్తమమైన వరుసకిచ్చు జో మూర్ బహుమానము 2021, 2022 సంవత్సరములలో వరుసగా ఆ జట్టునకే దక్కెను.

2023 నవంబరు పోటీలో మిషిగన్ గార్డు జాక్ జింటర్ కాలు విఱిగెను. వెంటనే టాకిలుగా నున్నవాడు గార్డు స్థానమునకు జరిగెను. వెలుపల వేచియున్న ట్రెంట్ జోన్స్ టాకిలుగా వచ్చెను. మఱు ప్రయత్నముననే బ్లేక్ కోరమ్ 22 గజములు పరుగెత్తి గీటు దాటెను. మిషిగన్ 30–24తో గెలిచెను.

2024లో ఆపద ఓహయో స్టేట్‌కు వచ్చెను. అక్టోబరులో టాకిలు జాష్ సిమ్మన్స్, నవంబరులో సెంటర్ సెత్ మెక్‌లాఫ్లిన్ గాయపడిరి. మిషిగన్‌తో ఆడిననాడు ఆ జట్టు పరుగుచే సాధించినవి 77 గజములే, 13–10తో ఓడెను. మిషిగన్ వరుసయు ఆ యేడు క్రొత్తవారిదే. కావున జయమునకు వరుస యొక్కటియే కారణమనరాదు. అయినను గార్డు డానవన్ జాక్సన్‌ను టాకిలు స్థానమున నిలిపి సవరించుకొనిన ఓహయో వరుస పిమ్మట కుదురుకొనెను. 2025 జనవరి 20న నోటర్ డేమ్ జట్టును 34–23తో గెలిచి ఆ జట్టు దేశమున ప్రథమస్థానము పొందెను.

కావున రెండు వరుసలను పోల్చువారు బరువును, పేరుప్రతిష్ఠలను మాత్రమే చూచిన మోసపోవుదురు. నిరుటి ఐదుగురిలో నెందఱు కలసియున్నారు? ఒకడు పడిన ప్రక్కవాడు వాని చోట నిలువగలడా? వెలుపలనున్న ఆఱవవాడెవడు? ఈ మూడు ప్రశ్నలు ముందడుగవలెను. ఇప్పుడు ఆటగాండ్రు ఒక కళాశాల విడిచి వేఱొకదానికి పోవుట సులభమైనది. ఆ మెక్‌లాఫ్లిన్ సయితము అలబామానుండి వచ్చినవాడే. అందుచే మొదటి ప్రశ్నకు నేడు విలువ హెచ్చినది.

సంతలో క్రొత్తగా కొన్న యెడ్లు ఎంత బలిసినవైనను కాడి కుదురువఱకు చాలు తిన్నగా రాదు. ఈ మాట మీకు నేను చెప్పనేల?