ఏ దేశం, ఎవరి లెక్క?

పాలమూరు పల్లెల నుంచి కూలికి వలసపోయే మనిషి ఎక్కడికి పోవాలో తాను తేల్చుకునేవాడు కాదు. గుంపు మేస్త్రీ తేల్చేవాడు. ముందుగా ఇంత అడ్వాన్సు చేతిలో పెట్టి, ఏ డ్యాము కాడికో ఏ కాలువ పనికో జనాన్ని తీసుకుపోయేవాడు. మనిషికింత అని కాంట్రాక్టరు దగ్గర కమీషను పుచ్చుకునేవాడు. బొంబాయి బస్సెక్కినా అంతే, ముందు పోయినవాళ్లు ఏ బస్తీలో ఉంటే ఆ బస్తీకే. అలాంటి ఊళ్ల పిల్లలు కొందరు ఇప్పుడు డల్లాస్‌కు, లండన్‌కు పోతున్నారు. బస్సు పోయి విమానం వచ్చింది, అడ్వాన్సు పోయి ఎడ్యుకేషన్ లోను వచ్చింది. దేశాన్ని ఎంచుకునే తీరు మాత్రం పెద్దగా మారలేదు.

"మా పెదనాన్న కొడుకు ఆడనే ఉన్నడు, దిగంగనే రూమ్ చూపిస్తడు" అన్న ఒక్క మాటతో చాలా ఇళ్లల్లో దేశం ఖాయమైపోతుంది. దీన్ని వెక్కిరించాల్సిన పనిలేదు. కొత్తచోట మొదటి నెల తలదాచుకోవడానికి మనవాడొకడు ఉండటం తక్కువ సంగతేమీ కాదు. పైగా నల్లగొండ వైపు ఈ బాట పాతదే. వలిగొండ దగ్గరి సుంకిశాలలో పుట్టిన పైళ్ల మల్లారెడ్డి అమెరికా వెళ్లి అక్కడ మందుల పరిశ్రమ నడిపి, తర్వాత తెలంగాణ అమెరికన్ తెలుగు అసోసియేషన్‌ను స్థాపించారు. ముందు పోయినవాళ్ల వెనక కొత్తవాళ్లు వెళ్లగా వెళ్లగా 2023-24లో అమెరికాలో భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602 అయింది. 2009 తర్వాత చైనాను మళ్లీ దాటిన ఏడాది అది. మరుసటేడు ఆ సంఖ్య 3,63,019కి చేరింది.

అయితే మొదటి నెల గది చూపించే అన్న, రెండో ఏడాది ఫీజుకు గానీ మూడో ఏడాది వీసాకు గానీ పూచీ పడలేడు. ఆ రెండూ ఆ దేశం తన కాలేజీలను ఎలా నడుపుతోందన్న దాన్ని బట్టి ఉంటాయి. చదువు ఖర్చు అక్కడి సర్కారు భరిస్తుందా, విద్యార్థి నెత్తినే పడుతుందా? ఒక పేపరు పోతే ఏమవుతుంది? పట్టా చేతికొచ్చాక ఎన్నాళ్లు ఉండనిస్తారు? పిల్ల సంబంధానికైతే మూడు తరాలు ఆరా తీసే ఇంట్లో కూడా ఈ మూడూ అడిగేవాళ్లు తక్కువే.

కన్సల్టెన్సీ వాళ్లు "మాకు రూపాయి కూడా ఇవ్వొద్దు సార్" అంటే అది అబద్ధం కాకపోవచ్చు. ఇంగ్లండు, ఆస్ట్రేలియా, కెనడాల్లోని చాలా విద్యాసంస్థలు విద్యార్థిని చేర్పించిన ఏజెంటుకు మొదటి ఏడాది ఫీజులోంచి వాటా ఇస్తాయి. ఫీజు పెరిగితే వాటా కూడా పెరుగుతుంది. ఇందులో దొంగతనమేమీ లేదు. కానీ సలహా చెప్పేవాడికి జీతమిచ్చేది ఎవరో తెలిస్తే సలహా బరువెంతో తెలుస్తుంది. జర్మనీ సర్కారు యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజే లేదు. ఫీజు లేనిచోట వాటా ఎక్కడిది? అందుకే జర్మనీ పేరెత్తగానే "భాష కష్టమండీ" అని మాట మారుతుంది, లేదంటే ప్యాకేజీ పేరుతో విద్యార్థి దగ్గరే వసూలవుతుంది.

ఇక డబ్బు. పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఆస్తి అంటే ప్రధానంగా భూమి. ఐదెకరాల పట్టాదారు పాసుపుస్తకం పట్టుకుని బ్యాంకుకు వెళ్లిన రైతుకు అక్కడే మొదటి దెబ్బ తగులుతుంది. వ్యవసాయ భూమిని విద్యారుణానికి తాకట్టుగా బ్యాంకులు సాధారణంగా ఒప్పుకోవు. కారణం చట్టంలోనే ఉంది. అప్పు మొండిపడితే తాకట్టు ఆస్తిని కోర్టుకెక్కకుండా స్వాధీనం చేసుకునే హక్కును బ్యాంకులకిచ్చిన 2002 నాటి సర్ఫేసీ చట్టం, సాగుభూమిని ఆ హక్కు నుంచి మినహాయించింది. రైతును కాపాడటానికి పెట్టిన మినహాయింపే రైతు కొడుకు లోనుకు అడ్డం పడుతోందన్నమాట. ఊళ్లో ఎకరం లక్షలు పలుకుతున్నా, బ్యాంకు అడిగేది పట్నంలోని ఇల్లో, అప్రూవల్ ఉన్న ప్లాటో.

అప్పుడు మిగిలే దారులు మూడు. తాకట్టు లేకుండా ఎక్కువ వడ్డీకి ఇచ్చే ఫైనాన్స్ కంపెనీ ఒకటి, భూమి అమ్మడం మరొకటి, ఊళ్లో వడ్డీకి తేవడం ఇంకొకటి. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఊళ్లో మామూలు మాటే. ఇరవై లక్షలు తెస్తే నెలకు వడ్డీ 40 వేలు. రెండేళ్ల ఎంఎస్ పూర్తయ్యేసరికి వడ్డీయే 9 లక్షల 60 వేలు, అసలు అసలుగానే ఉంటుంది. వీసా కోసం ఖాతాలో నాలుగు రోజులు "ఫండ్స్ చూపించడం" అనే వ్యాపారం కూడా ఇక్కడి నుంచే పుట్టింది. లేని డబ్బును చూపించి విమానం ఎక్కినవాడు దిగిన రోజు నుంచే పనికోసం వెతుక్కోవాలి. అమెరికాలో ఎఫ్-1 విద్యార్థికి చదువు రోజుల్లో క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటలు మించకుండా పనికి అనుమతి. బయట పెట్రోలు బంకులోనో రెస్టారెంట్‌లోనో చేసే పని వీసాకే ఎసరు పెడుతుంది.

అమెరికా పద్ధతిలో గొప్పతనం దాని విశాలత. వేల కాలేజీలు, దేన్నయినా ఎంచుకోవచ్చు, మధ్యలో మారవచ్చు. చిక్కు కూడా అదే. దేశమంతటికీ ఒకే విద్యాశాఖ నాణ్యత ముద్ర వేసే ఏర్పాటు అక్కడ లేదు. నాణ్యత చూసేవి స్వతంత్ర అక్రెడిటేషన్ సంస్థలు. విదేశీ విద్యార్థికి వీసా కోసం ఐ-20 అనే ప్రవేశ పత్రం ఇచ్చే అనుమతి మాత్రం హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ పరిధిలోది. ఈ రెండింటినీ ఒకటే అనుకున్నవాళ్లు 2011 జనవరిలో దెబ్బతిన్నారు. కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద ఫెడరల్ అధికారులు దాడి చేసినప్పుడు, అందులో పేర్లున్న పదిహేను వందల మందికి పైగా విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, అందులోనూ తెలుగువాళ్లు. సగం మందికి పైగా ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నట్టు రికార్డుల్లో చూపించారు. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించిన ఫొటోలు ఇక్కడి పత్రికల్లో వచ్చాయి. నిర్వాహకురాలికి 2014లో పదహారేళ్లకు పైగా జైలుశిక్ష పడింది.

2019 నాటి ఫార్మింగ్టన్ కథ ఇంకా విడ్డూరం. మిషిగన్‌లోని ఆ యూనివర్సిటీని నడిపింది దళారులు కాదు, సాక్షాత్తూ అమెరికా ఇమిగ్రేషన్ అధికారులే. వల వేయడానికి పెట్టిన ఉత్తుత్తి కాలేజీ అది. దానికి అక్రెడిటేషన్ ఉన్నట్టు జాబితాలో కనిపించేది, ప్రభుత్వ జాబితాలోనూ పేరుండేది. లేనివల్లా తరగతులు, పాఠాలు చెప్పేవాళ్లు. మొదటి విడతలో అదుపులోకి తీసుకున్న 130 మందిలో 129 మంది భారతీయులు, వారిలో తెలుగు పిల్లలు చాలామంది. వెబ్‌సైట్‌లో పేరుందా లేదా అని చూసుకుంటే సరిపోతుందన్న సలహా ఇక్కడ పనికిరాలేదు. క్లాసుకు పోనక్కర్లేదు, వర్క్ పర్మిట్ వస్తుంది అని ఎవరైనా చెప్పినప్పుడే లేచి వచ్చేయాల్సింది.

అసలైన కాలేజీలో చేరినవాళ్ల లెక్క కూడా సూటిగా ఉండదు. చదువయ్యాక ఓపీటీ అనే పని అనుమతి కింద ఏడాది పనిచేయవచ్చు. సైన్సు, ఇంజినీరింగ్ కోర్సులైతే మరో 24 నెలలు పొడిగిస్తారు. మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే. ఆ తర్వాత హెచ్-1బీ పని వీసా, అదీ లాటరీలో. ఏడాదికి 85 వేల వీసాలు, దరఖాస్తులు అంతకు ఎన్నో రెట్లు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అక్కడే చదువుకుని వీసా మార్చుకునేవాళ్లకు అది వర్తించదని తర్వాత వివరణ వచ్చింది. ఈ రెండు ప్రకటనల మధ్య ఎన్ని ఇళ్లల్లో నిద్ర కరువైందో ఊహించుకోవచ్చు. చిలుకూరు బాలాజీ గుడిలో పదకొండు ప్రదక్షిణలు వీసా చేతికొచ్చేదాకా సరే, ఈ లాటరీకి ఎన్ని చేయాలో ఎవరూ చెప్పలేదు.

జర్మనీ దీనికి పూర్తిగా అవతలి ఒడ్డు. అక్కడ చదువు ఖర్చు పన్నుల్లోంచి నడుస్తుంది కాబట్టి లోపలికి రానిచ్చే ద్వారం ఇరుకు. 2022 నవంబరు నుంచి భారతీయ విద్యార్థుల సర్టిఫికెట్లను ఏపీఎస్ అనే కేంద్రం ముందుగా పరిశీలించాలి. మన మార్కులను వాళ్ల కొలతలోకి మార్చే సూత్రం ఒకటుంది. గరిష్ఠ మార్కులోంచి మీ మార్కు తీసేసి, దాన్ని గరిష్ఠానికీ పాస్ మార్కుకూ మధ్య తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి. పదికి ఎనిమిది సీజీపీఏ, పాసు ఐదు అనుకుంటే 2.2 వస్తుంది. అక్కడ 1 అంటే అత్యుత్తమం, 4 అంటే గట్టెక్కినట్టు. ఆరున్నర సీజీపీఏకు 3.1 వస్తుంది, ఆ అంకెతో మంచి కోర్సులో సీటు కష్టం.

ఇంతకన్నా ముఖ్యమైనది పరీక్షల తీరు. మన దగ్గర బీటెక్‌లో సప్లిమెంటరీకి అంతుండదు, నాలుగో ఏట కూడా మొదటేడు మ్యాథ్స్ రాసేవాళ్లున్నారు. జర్మనీలో తప్పనిసరి సబ్జెక్టుకు అవకాశాలు లెక్కపెట్టి ఇస్తారు, చాలాచోట్ల మూడే. మూడోసారీ పోతే కోర్సులోంచి పేరు తీసేస్తారు. అదే కోర్సులో ఇంకో జర్మన్ యూనివర్సిటీలో చేరడం కూడా సాధ్యం కాకపోవచ్చు. ఫీజు లేదన్న మాట చెప్పేవాళ్లు ఈ మాట చెప్పరు. ఫీజు లేదన్నదీ అన్నిచోట్లా నిజం కాదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి ఐరోపా బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా ఫీజు మొదలుపెట్టింది. ఇంటర్‌తోనే నేరుగా డిగ్రీకి పోదామంటే మామూలుగా కుదరదు. ఇక్కడ ఒక ఏడాది డిగ్రీ చదవాలి, లేదా అక్కడ ఏడాది పాటు ప్రవేశ కోర్సు చేయాలి. చదువు పూర్తయ్యాక మాత్రం ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. ఇంగ్లిషులో చదివినా ఉద్యోగం దగ్గర జర్మన్ భాష అడ్డొస్తుంది, కాబట్టి రెండేళ్లలో ఆ భాష పట్టుబడాలి.

ఇంగ్లండు సంగతి చిన్నది: ఎంఎస్సీ ఒక్క ఏడాదే, ఖర్చూ ఒక్క ఏడాదిదే. మూడేళ్ల డిగ్రీతో చేర్చుకుంటారు కాబట్టి పాలమూరు యూనివర్సిటీ, నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీల పరిధిలో బీఎస్సీ, బీకాం చదివినవాళ్లకు అదొక తేలిక దారి. అమెరికాలో పదహారేళ్ల చదువు అడిగే యూనివర్సిటీలు చాలా ఉన్నాయి. కానీ ఇంగ్లండులో చదువయ్యాక ఉండనిచ్చే రెండేళ్లు 2027 జనవరి నుంచి 18 నెలలవుతున్నాయి. 2024 నుంచి మాస్టర్స్ విద్యార్థులు భార్యాబిడ్డలను తీసుకెళ్లడానికీ వీల్లేదు. కెనడా 2024లో స్టడీ పర్మిట్లకు పరిమితి పెట్టింది. ఆస్ట్రేలియా అదే ఏడాది వీసా రుసుమును 1,600 డాలర్లకు పెంచి, మరుసటేడు 2,000 చేసింది.

ఎంబీబీఎస్‌కు విదేశం పోవడం వేరే లోకం. 2021 నవంబరు నాటి మన దేశ నిబంధనల ప్రకారం కోర్సు 54 నెలలకు తగ్గకూడదు, ఇంగ్లిషులో సాగాలి, అక్కడే ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి, ఆ దేశంలో ప్రాక్టీసుకు అర్హత ఉండాలి. వచ్చాక ఎఫ్ఎంజీఈ అనే అర్హత పరీక్షలో 300కు 150 తెచ్చుకోవాలి. ఇటీవలి చాలా విడతల్లో నూటికి ముప్పై మంది కూడా పాసవలేదు. 2022లో యుద్ధం మొదలై యుక్రెయిన్ నుంచి చదువు సగంలో వదిలి వచ్చినవాళ్ల అవస్థ అందరికీ గుర్తుంది. ఈలోగా ఇంటి దగ్గర పరిస్థితి మారింది. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో సర్కారు మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. కిర్గిజ్‌స్థాన్‌కు అడ్వాన్సు కట్టేముందు, నీట్ మరోసారి రాస్తే ఇక్కడే సీటొచ్చే అవకాశం ఎంతో పాత ర్యాంకులు చూసి లెక్కేయడం ఒక సాయంత్రం పని.

డబ్బు లేనివాళ్లకు రాష్ట్ర ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి ఉంది. ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ పేరుతో, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో, మైనారిటీలకు ముఖ్యమంత్రి పథకంగా నడుస్తోంది. కుటుంబ ఆదాయం ఏడాదికి ఐదు లక్షలు మించకూడదు, ఇచ్చేది 20 లక్షల వరకు, ఒకవైపు విమాన ఛార్జీ అదనం. అమెరికాకైనా జర్మనీకైనా అంతే మొత్తం. అమెరికాలో ఏడాదికి 35 వేల డాలర్ల ఖర్చు రాసిన ఐ-20కి ఆ 20 లక్షలు మొదటి ఏడాదికే చాలవు. ట్యూషన్ ఫీజు లేని జర్మన్ యూనివర్సిటీలో అయితే ఏడాదిన్నరకు పైగా తిండికీ గదికీ సరిపోతాయి. కానీ ఒక మెలిక ఉంది. మొదటి పది లక్షలు అక్కడ దిగినట్టు కాగితం చూపించాకే వస్తాయి, మిగతా పది మొదటి సెమిస్టరు ఫలితాల తర్వాత. జర్మనీ వీసాకేమో బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు, అంటే సుమారు పన్నెండు లక్షలు, బయల్దేరకముందే నింపి చూపించాలి. నెలకు 992 యూరోల చొప్పున ఆ డబ్బు విద్యార్థికే తిరిగొస్తుంది, నిజమే. ఆ పన్నెండు లక్షలు ఆ కొద్ది నెలలకు ఎక్కడ పుడతాయన్నది దేవరకొండలోనో కొల్లాపూర్‌లోనో ఇంటి పెద్ద విమానం టికెట్ కన్నా ముందు తేల్చుకోవాలి.