మామిడితోటలో బేస్‌బాల్!

ఏప్రిల్ వస్తే నూజివీడు చుట్టుపక్కల ఊళ్లకు కాయలు కొనేవాళ్లు వస్తారు. మే నెలాఖరుకు అమెరికా మనవలొస్తారు. కాయలు కొనేవాళ్లు కాటాలతో వస్తే, మనవలు తోలు గ్లవ్‌తో దిగుతారు! తాతయ్యలకు అర్థంకాని ఓ ఆట... ఆ పదిహేను రోజుల్లో ఇల్లంతటినీ ఒక్కచోటికి చేరుస్తోంది.

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెం... ఎటు వెళ్లినా దారికి రెండుపక్కలా మామిడి తోటలే. ఒకప్పుడు ఇదంతా కృష్ణా జిల్లా. 2022లో కొత్త జిల్లాలు వచ్చాక నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. జిల్లా మారినా చిన్న రసాల పేరు మాత్రం చెక్కుచెదరలేదు. ఈ తోటల కాపుతోనే చదువుకుని, ఉద్యోగాల కోసం డాలస్‌కో, అట్లాంటాకో, న్యూజెర్సీకో వెళ్లినవాళ్లు ఇక్కడ ఎందరో. వాళ్ల పిల్లలకు వేసవి అంటే రెండే గుర్తొస్తాయి. ఒకటి అమ్మమ్మగారి ఊరు. రెండోది బేస్‌బాల్!

సెలవుల లెక్క

ఈ రెండింటికీ పొత్తు కుదరడం అంత తేలిక కాదు. మన బడులకు ఏప్రిల్ నాలుగోవారంలో సెలవులిస్తారు. జూన్ రెండోవారంలో మళ్లీ గంట కొట్టేస్తారు. టెక్సాస్‌లో చాలా బడులు మే నెలాఖరుకు మూతపడతాయి. న్యూజెర్సీలోనైతే జూన్ మూడోవారం వరకూ నడుస్తూనే ఉంటాయి.

అంటే టెక్సాస్ పిల్లలకూ ఇక్కడి మేనత్త, మేనమామల పిల్లలకూ కలిసొచ్చే సెలవులు పట్టుమని రెండువారాలు. న్యూజెర్సీ పిల్లలకు ఆ అదృష్టమూ లేదు. వాళ్లు గన్నవరంలో విమానం దిగేసరికి బావలూ వదినలూ బడిసంచులు తగిలించుకుని ఉంటారు. చెట్లమీద కాయలూ ఉండవు. బంగినపల్లి ఏప్రిల్, మే నెలల్లోనే దిగిపోతుంది. రసాలు మే అంతా ఉండి, జూన్ మొదటి వానలకు సెలవు తీసుకుంటాయి. అందుకే ఇక్కడి పెద్దవాళ్లు ఫోన్‌లో అడిగే మొదటి ప్రశ్న ‘ఎప్పుడొస్తున్నారు?’ అని కాదు, ‘బడి ఎప్పుడు మూస్తారు?’ అని.

ఆల్‌స్టార్సా... అమ్మమ్మా?

బడి తర్వాత అడ్డొచ్చేది ఆట. అమెరికాలో పిల్లల బేస్‌బాల్‌కు పెట్టింది పేరు లిటిల్ లీగ్. పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో కార్ల్ స్టాట్జ్ అనే ఆయనకు బంధువుల పిల్లలతో ఆడుతుండగా వచ్చిన ఆలోచన ఇది. 1939లో మూడంటే మూడు జట్లతో మొదలైంది. ఇప్పుడు ఎనభైకి పైగా దేశాల్లో ఆడుతున్నారు. నాలుగైదేళ్ల పసివాళ్లకైతే బంతిని ఓ గొట్టంమీద నిలబెట్టి కొట్టిస్తారు. దాన్ని టీ-బాల్ అంటారు. మన పిల్లలు చాలామంది ఆటలోకి అడుగుపెట్టేది అక్కడే.

వసంతంలో మొదలైన పోటీలు జూన్ మొదట్లో అయిపోతాయి. హమ్మయ్య అనుకుని టికెట్లు తీసుకోబోతే... అప్పుడే ఆల్‌స్టార్స్ జట్టును ప్రకటిస్తారు! బాగా ఆడినవాళ్లను ఏరి కట్టే జట్టు అది. జూన్ మధ్య నుంచి దానికి పోటీలు. గెలుస్తూపోతే ఆగస్టులో విలియమ్స్‌పోర్ట్‌లో జరిగే ప్రపంచ సిరీస్ దాకా వెళ్లొచ్చు. పన్నెండేళ్లు దాటితే ఆ విభాగంలో ఆడే వీల్లేదు. కాబట్టి పన్నెండేళ్లవాడికి ఆ ఏడాదే ఆఖరి అవకాశం. మరోపక్క, ఎనభైకి దగ్గరపడ్డ తాతయ్య ‘వచ్చే ఏడాదికి ఎలా ఉంటానో’ అంటుంటారు. ఎవరికి సర్దిచెప్పాలి?

ఒక్కో ఇల్లు ఒక్కో దారి వెతుక్కుంటోంది. కొందరిళ్లలో అమ్మ చిన్నపిల్లలతో ముందు వచ్చేస్తుంది, ఆడేవాడితో నాన్న అక్కడే ఉండిపోతాడు. కొందరు బడి మూసిన రాత్రే విమానమెక్కి, రెండువారాలు ఉండి, పోటీల వేళకు తిరిగి వెళ్లిపోతారు. ఇంకొందరు ప్రయాణాన్ని డిసెంబరుకు మారుస్తారు. అప్పుడు ఊళ్లో మామిడిపూత మొదలవుతుంటుంది కానీ పండు ఉండదు. ఏ దారి పట్టినా ఒకటి వదులుకోక తప్పదు. అందుకే జనవరిలోనే పిల్లాణ్నీ కోచ్‌నీ తాతయ్యనీ ముగ్గుర్నీ అడిగి తేదీలు ఖాయం చేసుకునే ఇళ్లలో అలకలు తక్కువ.

పరుగు తీస్తే బ్యాట్ పారెయ్!

ఊరొచ్చిన మర్నాడే మొదలవుతుంది అసలు తమాషా. ఇక్కడి పిల్లలకు ఒంట్లో ఉన్నది క్రికెట్ నెత్తురు. బేస్‌బాల్‌లో బంతి నేలమీద పడి లేవదు, నేరుగా వస్తుంది. ‘ఫుల్‌టాసేగా!’ అని ఉత్సాహంగా ఊపితే గుండ్రటి బ్యాట్‌కు తగలదు. అలా తప్పిపోతే స్ట్రైక్. మూడు స్ట్రైక్‌లయితే అవుట్. వెనక్కి నెడితే క్రికెట్‌లో ఫోర్, ఇక్కడ ఫౌల్. బంతి తగలగానే బ్యాట్‌ను కింద వదిలేసి పరుగెత్తాలి. మనవాళ్లేమో బ్యాట్‌ను చంకలో పెట్టుకునే ఉరుకుతారు!

ఫీల్డింగ్‌కొచ్చేసరికి కథ తిరగబడుతుంది. గ్లవ్ లేనిదే చెయ్యి చాపని అమెరికా పిల్లలు, పల్లె పిల్లలు వట్టిచేతుల్తో క్యాచ్ పడుతుంటే నోరెళ్లబెడతారు. బంతి చేతబట్టి పరుగెత్తేవాణ్ని తాకి అవుట్ చేయడం ఇక్కడివాళ్లకు కొత్తేం కాదు. ఏడుపెంకులాటలో చిన్నప్పట్నుంచీ చేస్తున్న పనికి అది చుట్టమే. తాతయ్యలకు ఆ పోలిక చెబితే చాలు, మిగతా ఆట వాళ్లే అల్లుకుపోతారు.

అసలు బేస్‌బాల్ బంతి బరువు 142 నుంచి 149 గ్రాములు. చుట్టూ 108 జంట కుట్లు. తగిలితే మామూలు దెబ్బ కాదు. అందుకే ఊళ్లో టెన్నిస్ బంతే వాడతారు. లిటిల్ లీగ్‌లో 11, 12 ఏళ్ల పిల్లలు రోజుకు 85 బంతులకు మించి విసరకూడదనే నిబంధన ఉంది. లేత భుజాలు దెబ్బతినకూడదని పెట్టిన ఈ హద్దును ఊళ్లోనూ పాటించడం మంచిది.

చెట్లే బేస్‌లు

మైదానం సంగతేంటి? పాతకాలం మామిడితోటల్లో చెట్టుకూ చెట్టుకూ మధ్య 33 అడుగుల దూరం ఉంటుంది. ఎకరానికి 40 చెట్లు. లిటిల్ లీగ్‌లో బేస్‌కూ బేస్‌కూ మధ్య దూరం 60 అడుగులు. అంటే చెట్టు విడిచి చెట్టును తీసుకుంటే 66 అడుగులు... దాదాపు సరిపోయింది! నాలుగు మూలలా నాలుగు చెట్లు బేస్‌లైతే, సరిగ్గా పిచ్చర్ నిలబడాల్సిన చోట ఇంకో చెట్టుంటుంది. అదే చిక్కు! పరుగెత్తే దారిలోనూ ఒక్కో చెట్టు అడ్డం. చివరికి అందరూ ఎండిన చెరువులోకో, కోతయిపోయిన చేలోకో మారాల్సిందే.

తోటలో ఆడొద్దనడానికి ఇంకో కారణమూ ఉంది. చాలామంది రైతులు పూతమీదో పిందెమీదో కాపును వ్యాపారికి అమ్మేస్తారు. తోట తాతయ్యదే, కాయ మాత్రం ఆయనది కాదు! బంతి తగిలి కాయ రాలితే నష్టం ఇంకొకరిది. ‘మన చెట్టే కదా’ అనే పిల్లలకు అది అర్థమయ్యేలా చెప్పేది తాతయ్యే. చిక్కం కట్టిన గెడతో కాయను నేల తాకకుండా దించడం ఎందుకో, దెబ్బతిన్న కాయకు ధర ఎందుకు పలకదో చూపించేదీ ఆయనే. బంతి కింద పడకుండా గ్లవ్‌తో పట్టేవాడికి చిక్కం సంగతి ఇట్టే తెలిసిపోతుంది. డాలర్లలో చదువులు సాగుతున్న పిల్లలకు వాళ్ల నాన్న చదువు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిసేది కూడా అక్కడే.

ఎండ ముదిరాక ఆట బంద్. వసారాలో మజ్జిగ, తాటిముంజలు. బిందెడు నీళ్లలో నానేసిన రసాలు. బంగినపల్లిని ముక్కలు కోయాలి కానీ రసానికి కత్తి పెట్టకూడదు. మెత్తగా పిసికి, సొన పిండేసి, తొడిమ దగ్గర చిల్లు చేసి జుర్రుకోవాలి. ఈ ఆటలో కోచ్ అమ్మమ్మ!

మనవాళ్లూ తక్కువ తినలేదు

బేస్‌బాల్ మనది కాదనుకోనక్కర్లేదు. 2008లో జరిగిన ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ పోటీతో వెలుగులోకి వచ్చిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఉత్తరప్రదేశ్ పల్లెల కుర్రాళ్లు. జావెలిన్ విసిరే చేతులతో బేస్‌బాల్ విసిరి, ఆ ఏడాదే పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంస్థతో ఒప్పందం కుదుర్చుకున్నారు. భారత సంతతి తల్లికి పుట్టిన కుమార్ రాకర్‌ను 2022లో టెక్సాస్ రేంజర్స్ ఎంచుకుంది. 2024 సెప్టెంబరులో అతను మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు.

అటు అమెరికాలో క్రికెట్టూ పుంజుకుంటోంది. డాలస్ పక్కనున్న గ్రాండ్ ప్రెయిరీ స్టేడియం ఒకప్పుడు బేస్‌బాల్ మైదానం. దాన్ని క్రికెట్‌కు మార్చారు. 2024 టీ20 ప్రపంచకప్‌లో పాకిస్థాన్‌ను సూపర్ ఓవర్లో అమెరికా ఓడించింది అక్కడే. ఆ ముచ్చట మొదలైతే తాతామనవల మధ్య కబుర్లకు కొదవుండదు.

పండు ఇక్కడే... గ్లవ్ కూడా!

తిరుగు ప్రయాణం రోజున ఆవకాయ డబ్బాలు, తాండ్ర పొట్లాలు పెట్టెల్లోకి చేరతాయి. పండు మాత్రం చేరదు. పురుగులు వస్తాయన్న భయంతో మన మామిడిని అమెరికా దాదాపు 18 ఏళ్లు రానివ్వలేదు. రేడియేషన్‌తో శుద్ధి చేయాలన్న షరతుమీద 2007లో దిగుమతికి ఒప్పుకుంది. ప్రయాణికులు వెంట తీసుకెళ్లడానికి మాత్రం అనుమతి లేదు. అందుకే బయల్దేరే ముందు రాత్రి అన్నంలోకి పప్పున్నా లేకున్నా పండు తప్పనిసరి.

పెట్టె సర్దేటప్పుడు బరువు ఎక్కువైతే ముందు బయటికి తీసేది గ్లవ్‌నే. ‘అక్కడ ఇంకోటి కొనుక్కుందువులే’ అంటుంది అమ్మ. దాన్ని బావ చేతిలో పెట్టి కారెక్కుతాడు చిన్నోడు. జూన్ రెండోవారంలో బడి తెరిచాక, సాయంత్రం ఎండిన చెరువులో క్రికెట్ మళ్లీ మొదలవుతుంది. వికెట్‌కీపర్ చేతికి మాత్రం బేస్‌బాల్ గ్లవ్ ఉంటుంది!