కడుపులో కాపురం

ఆవకాయ మానెయ్యమంది మా ఆవిడ. మానేశాను. కాఫీ మానెయ్యమన్నాడు మా బావమరిది. అది మాత్రం నా వల్ల కాలేదు. ఏది మానినా అర్ధరాత్రి కడుపులో మంట మాత్రం మానలేదు!

మా నాన్నగారిదీ ఇదే బాధ. కడుపులో పుండు అన్నారు. దిగులు పడొద్దు, కారం తినొద్దు అన్నారు. పదేళ్లు మజ్జిగన్నం మీద గడిపి, 1979లో నెత్తురు కక్కుకుని పోయారు. మరి మూడేళ్లకే, 1982లో, ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో వారెన్, మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు అసలు దొంగను పట్టుకున్నారు. హెలికోబాక్టర్ పైలోరీ అనే మెలికల క్రిమి అది. ఈస్టరు సెలవులవల్ల గాజుపళ్లెం రెండు రోజులకు బదులు ఐదు రోజులు ఉండిపోవడంతో పెరిగి కంటపడిందట! 1984లో మార్షల్ దాన్ని తానే తాగి జబ్బు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమానం వచ్చింది.

బావమరిది మాట విని ముందు రక్తపరీక్ష చేయించాను. "ఉంది" అని వచ్చింది. డాక్టరుగారు ఆ కాగితం పక్కన పెట్టేశారు.

"ఇది ఎప్పుడో వచ్చిందని చెబుతుందండీ. ఇప్పుడుందో లేదో చెప్పదు."

రోజూ గ్యాస్ మాత్ర మింగుతున్నానంటే, రెండు వారాలు మానమన్నారు. దానివల్ల క్రిమి అణగి ఉండి పరీక్షకు దొరకదట. ఆ రెండు వారాల సంగతి అడక్కండి!

మలం నల్లగా వస్తోందా, బరువు తగ్గారా అని అడిగారు. నాన్నగారి కథ చెప్పాను. నాకూ అరవై దాటాయి గదా అని గొట్టం వేసి చూశారు. చిన్నపేగు మొదట్లో పుండు. పొట్టగోడనుంచి రవ్వంత ముక్క తీసి పసుపుపచ్చ మందులో వేశారు. ఈ క్రిమి యూరియాను విరిచి అమ్మోనియా చేస్తుంది. దానితో రంగు మారుతుంది. గంట తిరక్కుండానే గులాబీరంగుకు తిరిగింది.

పద్నాలుగు రోజులు మందులు. ఆపైన నాలుగు వారాలు ఆగి, పోయిందో లేదో చూడాలి. మంట తగ్గగానే చాలామంది ఇది ఎగ్గొడతారు. దీనికి గొట్టం అక్కర్లేదు, ఊపిరి చాలు. మళ్లీ రెండు వారాలు గ్యాస్ మాత్ర మాని, పరగడుపున వెళ్లి సంచిలో ఊదాను. గుర్తుపట్టేందుకు వీలుగా బరువైన కర్బనం చేర్చిన యూరియా నీళ్లు తాగించి, అరగంటకు మళ్లీ ఊదించారు. క్రిమి ఉంటే యూరియా విరిగి, ఆ కర్బనం ఊపిరిలో తేలుతుంది. మలపరీక్షలోనూ తెలుస్తుంది గాని, ఆ డబ్బా పట్టుకుని బజారున నడవడం నాకు మొహమాటం.

ఊపిరిలో ఏమీ తేలలేదు. ఆ సాయంత్రమే తమ్ముడికి ఫోను చేశాను. వాడూ ఎనిమిదేళ్లుగా గ్యాస్ మాత్రల మీదే ఉన్నాడు.