రివర్స్‌లో లేత్, ఊడే చక్: కొన్ని అపోహలు, అసలు సంగతులు

చెక్క లేత్ మీద తొలిచిన గిన్నెకు చివరి నునుపు తేవడానికి మోటారును రివర్స్‌లో తిప్పడం మంచి పద్ధతే. ఒకే దిశలో ఉప్పుకాగితం పట్టినంతసేపూ చెక్క నార ఆ వైపే ఒరిగి పడుకుంటుంది. దిశ మార్చగానే ఆ నార లేచి కాగితానికి అందుతుంది. లోతైన పాత్రలో అవతలి గోడ వైపు ఉలి పెట్టి తొలిచేవాళ్లకూ రివర్స్ కావాలి. కాబట్టి దాన్ని మానేయమని నేను ఎవరికీ చెప్పను. అయితే స్పిండిల్ మీద మరతో ఎక్కించిన చక్ ఈ దిశలో తనంతట తానే విప్పుకోగలదు. తిరుగుతున్న ఉక్కు ముద్ద, అది పట్టుకున్న చెక్క కలిసి స్పిండిల్ మీంచి జారితే ఎటు దూకుతాయో ఎవరూ ముందుగా చెప్పలేరు. ఎదురుగా నిలబడేది మనమే. అందుకే ఈ విషయంలో పని దగ్గర చెప్పుకునే మాటలను ఒక్కొక్కటిగా పరీక్షించి చూడాలి.

అపోహ: చేతనైనంత గట్టిగా బిగిస్తే చక్ ఊడదు.

వాస్తవం: ముందు మర సంగతి చూద్దాం. చెక్క లేత్‌లలో హెడ్‌స్టాక్ లోపలి వైపు ఉండే మర దాదాపు ఎప్పుడూ కుడిచేతి మరే. పవర్‌మ్యాటిక్ 3520 లాంటి అమెరికన్ లేత్‌ల మీద 1¼ అంగుళం వ్యాసం, అంగుళానికి 8 చుట్లు ఉంటాయి. చిన్న లేత్‌ల మీద 1 అంగుళం, 8 చుట్లు. యూరప్ తరహా వాటి మీద ఎం33, చుట్టుకు 3.5 మిల్లీమీటర్లు. కొలత ఏదైనా తీరు ఒక్కటే. టెయిల్‌స్టాక్ వైపు నుంచి చూస్తే మామూలు పనిలో స్పిండిల్ గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. ఉలి తగిలినప్పుడల్లా చెక్కను ఆపబోతుంది, ఆ నిరోధం చక్‌ను మర మీద ఇంకాస్త బిగిస్తుంది. మీరు చేత్తో వదులుగా ఎక్కించినా పనే దాన్ని బిగించేస్తుంది. రివర్స్‌లో ఇదంతా తిరగబడుతుంది. ఉలి తాకిడి, కాగితం రాపిడి, రెండూ చక్‌ను విప్పే వైపే లాగుతాయి.

అప్పుడు దాన్ని ఆపి ఉంచేది ఒక్కటే: చక్ వెనుక ముఖానికీ స్పిండిల్ భుజానికీ మధ్య ఉన్న బిగువు. అది ఒక్కసారి సడలిందంటే ఆ తర్వాత నిలిపేది ఏమీ లేదు. ఎం33 మర మీద ప్రతి చుట్టుకూ చక్ 3.5 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది, కొద్ది చుట్లలో మర అయిపోతుంది. పోనీ అని మితిమీరి బిగిస్తే తీసేటప్పుడు పట్టేసుకుంటుంది. ఇండెక్స్ పిన్నును అడ్డం పెట్టి చక్‌ను బలవంతంగా విప్పబోయి ఆ పిన్నును వంచుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ పిన్ను విభజన గుర్తుల కోసం పెట్టింది, అంత బలాన్ని మోయడానికి కాదు.

అపోహ: కాగితం పట్టడం తేలిక పని, అంత చిన్న రాపిడికి చక్ ఎందుకు విప్పుకుంటుంది?

వాస్తవం: చక్ ఎక్కువగా ఊడేది కాగితం తగిలినప్పుడు కాదు, మోటారు రివర్స్‌లో అందుకున్న క్షణాన. స్పిండిల్ చటుక్కున కదులుతుంది, బరువైన చెక్క ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. ఆ తేడా అంతా మర మీదే పడుతుంది. ఇక్కడ వ్యాసం ప్రభావం చాలామంది ఊహకు అందనంత ఎక్కువ. ఒకే మందం, ఒకే కర్ర అయితే 15 సెంటీమీటర్ల పళ్లెం కంటే 30 సెంటీమీటర్ల పళ్లెం బరువు నాలుగు రెట్లు. కానీ తిప్పడానికి అది చూపే జడత్వం పదహారు రెట్లు. చిన్న డబ్బా మీద ఎన్నోసార్లు రివర్స్ వాడినా ఏమీ కాలేదన్న ధైర్యం పెద్ద పళ్లెం ఎక్కించినప్పుడు పనికిరాదు.

కాబట్టి రివర్స్‌ను ఎప్పుడూ అతి తక్కువ వేగంలో మొదలుపెట్టి, నెమ్మదిగా పెంచాలి. ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోల్ ఉన్న లేత్‌లలో, తయారీదారు అనుమతించినచోట, వేగం అందుకునే సమయాన్ని పెంచుకోవచ్చు. కొన్ని సెకన్లు ఎక్కువ పట్టేలా పెట్టినా మర మీద పడే కుదుపు బాగా తగ్గుతుంది.

అపోహ: నేను అసలు రివర్స్ వాడను, నాకీ గొడవ లేదు.

వాస్తవం: అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది ఈ మాటే. మామూలు దిశలో తిరుగుతున్న లేత్‌ను గబుక్కున ఆపినా చక్ విప్పుకుంటుంది. బస్సు డ్రైవరు బ్రేకు తొక్కితే నిలబడ్డవాళ్లు ముందుకు తూలినట్టు, స్పిండిల్ ఆగిపోయాక కూడా చెక్క తన ఊపులో ముందుకు తిరగబోతుంది. ఆ వైపు తిరగడమంటే కుడిచేతి మర మీద విప్పుకోవడమే. బ్రేకు ఉన్న ఆధునిక లేత్‌ల మీద పెద్ద గిన్నె తిప్పేవాళ్లకు ఈ ముప్పు రోజూ ఉంటుంది. రివర్స్ బటన్‌ను ఎన్నడూ ముట్టకపోయినా చక్‌కు గ్రబ్ స్క్రూతో తాళం కావాలి, ఆగే సమయం కూడా పెంచి పెట్టుకోవాలి.

అపోహ: గ్రబ్ స్క్రూ బిగించాను, ఇక భయం లేదు.

వాస్తవం: ఏ గ్రబ్ స్క్రూ బిగించారన్నది ముఖ్యం. చాలా చక్‌లలో స్పిండిల్ కొలతకు తగ్గట్టు మార్చుకునే మర అడాప్టర్ వేరుగా వస్తుంది. ఆ అడాప్టర్‌ను చక్ ఒంటికి కట్టి ఉంచే స్క్రూ ఒకటి, అడాప్టర్‌ను స్పిండిల్‌కు కట్టే స్క్రూ మరొకటి. మొదటిది బిగించి రెండోది మరిచిపోతే చక్, అడాప్టర్ కలిసి ఊడి వస్తాయి. రెండోది బిగించి మొదటిది వదిలేస్తే అడాప్టర్ స్పిండిల్ మీదే ఉంటుంది, చక్ మాత్రం చేతికొస్తుంది.

స్క్రూ మొన ఎక్కడ ఆనుతుందో కూడా చూడాలి. కొన్ని స్పిండిళ్లకు మర వెనుక చుట్టూ ఒక గాడి కోసి ఉంటుంది, స్క్రూ మొన అందులో కూర్చోవాలి. అన్నిటిలోకీ నమ్మదగిన ఏర్పాటు అదే. స్క్రూ కాస్త జారి చక్ కొద్దిగా తిరిగినా గాడి అంచు దాన్ని బయటికి రానివ్వదు. గాడి లేనిచోట స్క్రూ మర వెనుక ఉన్న నున్నటి భాగం మీద ఆనాలి, చుట్ల మీద కాదు. చుట్ల మీద ఉక్కు మొన దిగితే మర చెడి, తర్వాత ఏ చక్కూ సరిగ్గా ఎక్కదు. మొనకూ స్పిండిల్‌కూ మధ్య చిన్న ఇత్తడి ముక్క గానీ రాగి ముక్క గానీ పెడితే ఆ నష్టం ఉండదు.

వరుస కూడా తప్పకూడదు. మొదట చక్ భుజానికి పూర్తిగా ఆనేదాకా మర మీద ఎక్కించాలి, ఆ తర్వాతే ఆలెన్ కీతో స్క్రూ బిగించాలి. తీసేటప్పుడు ముందు స్క్రూ, తర్వాత చక్. ఈ రెండో సగం మరిచిపోయి లాగితే స్క్రూ స్పిండిల్‌ను గీరుకుంటూ వస్తుంది. ఫేస్‌ప్లేట్‌కూ ఇదంతా వర్తిస్తుంది.

అపోహ: చక్ వెనుక ప్లాస్టిక్ వాషర్ వేస్తే ఊడదు.

వాస్తవం: ఆ వాషర్ చేసే పని దీనికి సరిగ్గా వ్యతిరేకం. చక్ పట్టేసుకోకుండా తేలిగ్గా విప్పుకోవడానికే దాన్ని వేస్తారు. టెఫ్లాన్ టేపు చుట్టడం కూడా తాళం కాదు.

అపోహ: మంచం కోళ్లు రివర్స్‌లో తిప్పితే ఏమీ కాలేదు, గిన్నెలకూ ఏమీ కాదు.

వాస్తవం: తరిమెన పట్టే కోళ్లు, మెట్ల కటకటాల కడ్డీలు రెండు మొనల మధ్య తిరుగుతాయి. ఒక వైపు హెడ్‌స్టాక్ మొన, ఇంకో వైపు టెయిల్‌స్టాక్. అక్కడ విప్పుకోవడానికి మరే లేదు. తాడు లాగి అటూ ఇటూ తిప్పే పాతకాలపు తరిమెన ప్రతి లాగుకూ దిశ మార్చుకున్నా ఏమీ ఊడకపోవడానికి కారణం ఇదే. గిన్నె అలా కాదు, ఒక్క వైపు నుంచే పట్టి ఉంటుంది. అయితే ఈ పోలికలోంచే ఒక మంచి ఉపాయం దొరుకుతుంది. వీలైన ప్రతిసారీ, రివర్స్‌లో సైతం, టెయిల్‌స్టాక్‌ను తెచ్చి చెక్కకు ఆనించండి. అది అడ్డంగా ఉన్నంతసేపూ చక్ మర మీంచి బయటికి రాలేదు.

అపోహ: చక్ కదలకపోతే చెక్క కూడా కదలదు.

వాస్తవం: దవడల పట్టు దిశను బట్టి మారదు, నిజమే. కానీ చక్ మధ్యలో బిగించే చెక్క స్క్రూ మీద ఎక్కించిన దుంగ సంగతి వేరు. ఆ స్క్రూ కూడా కుడిచేతి మరే కాబట్టి చక్ తాళంలో భద్రంగా ఉన్నా చెక్క స్క్రూ మీంచి విప్పుకుంటుంది. దాని మీద రివర్స్ వద్దు.

మోర్స్ టేపర్‌లో దిగగొట్టిన పనిముట్లది ఇంకో కథ. వాటికి మర లేదు కాబట్టి రివర్స్ వల్ల విప్పుకోవు. కానీ టేపర్ రాపిడి పట్టు మీదే నిలుస్తుంది. పక్క నుంచి తాకిడి, అదురు తగిలితే ఏ దిశలోనైనా సడలి ముందుకు జారుతుంది. టేపర్‌లో పెట్టిన కోలెట్ చక్‌ను టెయిల్‌స్టాక్ ఆసరా లేకుండా వాడాలంటే స్పిండిల్ బోలులోంచి వెనుక నుంచి డ్రాబార్ దూర్చి బిగించాలి. ఆ కడ్డీ ఒక్కటే టేపర్‌ను లోపలికి లాగి పట్టుకుంటుంది.