గోడ దిగిన బొమ్మ, ధర పలికిన అట్టముక్క

మైపాడు, కోడూరు ఇసుకలో టెన్నిస్ బంతితో ఆడే కుర్రాళ్లకు జెర్సీ అంటే పేరు, నంబరు, మధ్యలో ఓ పులి తల. రెండు సీజన్లు తిరిగేసరికి అది బండి తుడిచే గుడ్డ. అమెరికాలో మాత్రం పేరున్న గోడ చిత్రకారుడు చెయ్యి వేస్తే ఆట వస్తువు వాడకం మానేసి అద్దాల బీరువాలోకి చేరుతుంది.

గోడ బొమ్మలు మనకూ కొత్త కాదు. హైదరాబాద్ ఎం.ఎస్. మక్తాలో 2016లో కళాకారులు ఇళ్ల గోడల నిండా రంగులు వేశారు. చూసినందుకు ఎవరూ రూపాయి అడగరు. ఊరందరిదైన ఆ బొమ్మ ఒకరి సొత్తుగా మారేది వస్తువు మీదికి దిగినప్పుడే.

అమెరికా గోడ చిత్రకారుడు షెపర్డ్ ఫెయిరీ కథ అసలు ఆటగాడి ముఖంతోనే మొదలైంది. 1989లో, కాలేజీ కుర్రాడిగా ఉన్నప్పుడు, ఆండ్రే ది జెయింట్ అనే భారీకాయుడైన కుస్తీ వీరుడి ముఖంతో స్టిక్కర్లు చేసి స్తంభాలకీ గోడలకీ అంటించాడు. తర్వాత ఆ పేరు మీద హక్కులున్న కుస్తీ కంపెనీ కోర్టుకెక్కుతామంది. పేరు తీసేసి, ముఖాన్ని సరళం చేసి, కింద ‘ఒబే’ అని రాశాడు. బెదిరింపు పుణ్యమా అని పుట్టిన ఆ గుర్తే తర్వాత బట్టల బ్రాండ్ అయింది. 2008లో ఒబామా ‘హోప్’ పోస్టర్ గీసిందీ ఇతనే.

మరుసటి ఏడాది సైక్లిస్టు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ సైకిళ్ల మీద ఫెయిరీ, న్యూయార్క్ వీధుల్లో గీసి పేరు తెచ్చుకున్న కాస్, బ్రిటిష్ కళాకారుడు డేమియన్ హర్స్ట్ తదితరులు బొమ్మలు వేశారు. క్యాన్సర్ రోగుల సహాయ నిధి కోసం నవంబరులో సదబీస్ వాటిని వేలం వేస్తే 12 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. నిజమైన సీతాకోకచిలుక రెక్కలు అతికించిన హర్స్ట్ సైకిల్ ఒక్కటే 5 లక్షలు. 2012లో డోపింగ్ కేసులో ఆర్మ్‌స్ట్రాంగ్ ఏడు టూర్ డి ఫ్రాన్స్ టైటిళ్లూ పోగొట్టుకున్నాడు. కొన్నవాళ్ల చేతిలో నికరంగా మిగిలింది చిత్రకారుడి సంతకమే.

ఇక బేస్‌బాల్ కార్డులు. మనవాళ్లు బబుల్‌గమ్‌తో వచ్చిన క్రికెటర్ల బొమ్మలు దాచుకున్నట్టే, అక్కడి పిల్లలు టాప్స్ కంపెనీ కార్డులు దాచుకునేవారు. 1952లో సీజన్ చివర వచ్చిన కట్ట అమ్ముడుపోలేదు. గోదాములో చోటు లేక, 1960లో ఆ కంపెనీ ఉద్యోగి సై బెర్గర్ మిగిలిన పెట్టెల్ని పడవకెత్తించి అట్లాంటిక్‌లో పారబోయించాడు. సరిగ్గా ఆ కట్టలోదే బేస్‌బాల్ దిగ్గజం మికీ మాంటిల్ కార్డు. చెక్కుచెదరని ఒక ప్రతి 2022లో 1.26 కోట్ల డాలర్లు పలికింది. అప్పటి మన లెక్కలో సుమారు 100 కోట్ల రూపాయలు!

సముద్రం పుట్టించిన కొరతని 2020లో టాప్స్ గడియారంతో పుట్టించాలనుకుంది. మిస్టర్ కార్టూన్ వంటి గ్రాఫిటీ, టాటూ చిత్రకారులతో కలిపి 20 మందిని పిలిచి, 20 పాత కార్డుల్ని తలా ఒకసారి మళ్లీ గీయించింది. మొత్తం 400. కార్డు 20 డాలర్లకు ఒక సెంటు తక్కువ. అమ్మకం 48 గంటలే. ఎన్ని అచ్చయ్యాయో తర్వాత ప్రకటన. మొదటి కార్డులు వెయ్యి, రెండు వేల లోపే అచ్చయ్యాయి కాబట్టి లాక్‌డౌన్ రోజుల్లో వాటి ధర ఆకాశానికెక్కింది. అది చూసి జనం ఎగబడ్డారు. కంపెనీ ఆర్డరిచ్చిన వాళ్లందరికీ అచ్చేసింది, సంఖ్య పదుల వేలకు చేరింది. వేసవి ముదిరేసరికి చాలా కార్డులు కొన్న ధరకి కూడా అమ్ముడుపోలేదు. చిత్రకారులు వాళ్లే, ఆటగాళ్లూ వాళ్లే.