‘లైట్ వెలుగుతోంది కదా అన్నా!’

“అన్నా, నువ్వు కొనిచ్చిన కంట్రోలర్ పోయినట్టుంది. పెడితే లైట్ వెలుగుతోంది, కానీ లాప్‌టాప్ గుర్తుపడతలేదు.”

ఈ ఒక్క మాట చెప్పడానికి మా తమ్ముడికి మూడు వారాలు పట్టింది.

తమ్ముడంటే మా చిన్నమ్మ కొడుకు. ఊరు సూర్యాపేట దగ్గర. రెండేళ్లుగా అశోక్‌నగర్‌లో ముగ్గురుండే హాస్టల్ రూమ్‌లో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్నాడు. నేనుండేది నారాయణగూడలో. శనివారం రాత్రి ఆఫీస్ పని ముగించి, మెట్రో పిల్లర్ల కింద చిక్కడపల్లి దాకా నడిచి, అక్కణ్నుంచి వాడి రూమ్‌కి వెళ్లడం నాకు అలవాటు. నా కంట్రోలర్ బ్యాగ్‌లో వేసుకెళ్తా. వాడిది వాడికి ఉంది, నా మొదటి జీతంలో కొనిచ్చింది. వాడి పాత లాప్‌టాప్‌లో ఓ గంట ఫుట్‌బాల్ ఆడతాం. మామూలుగా ఫోన్ చేస్తే “ఆ, మంచిగనే ఉన్న” తప్ప ఏమీ చెప్పడు. ఏ మాటైనా ఆ గంటలోనే బయటికొస్తుంది, అదీ కళ్లు స్క్రీన్ మీద ఉన్నప్పుడే.

అలాంటిది మూడు శనివారాలు వరసగా “టెస్ట్ సిరీస్ ఉంది, రాకు అన్నా” అన్నాడు. సీరియస్‌గా చదువుతున్నాడేమో అని నేనూ సంతోషపడ్డా. నాలుగో శనివారం అటువైపు పనుండి చెప్పకుండానే రూమ్‌కి వెళ్లా. అప్పుడు బయటపెట్టాడు. నేను కొనిచ్చింది పాడుచేశానని ముఖం చెల్లక దాచాడట. కొత్తది కొనాలంటే ఇంట్లో అడగాలి. గ్రూప్స్‌కి చదివేవాడు ఇంటికి ఫోన్ చేసి గేమ్ కంట్రోలర్‌కి డబ్బులు అడగడం ఎలా ఉంటుందో అశోక్‌నగర్‌లో ఎవర్ని అడిగినా చెప్తారు.

“ఇంతేనా? నేను చూస్తా” అని కూర్చున్నా. ఇంజినీరింగ్ డిగ్రీ, ఆరేళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఓ పది నిమిషాల పని అనుకున్నా.

డివైస్ మేనేజర్ తెరిచా. కంట్రోలర్ జాడ లేదు. స్కాన్ చేశా. లేదు. డ్రైవర్లు తీసేసి మళ్లీ వేశా. విండోస్ అప్‌డేట్ పెట్టా. హాస్టల్ వైఫైలో అది పూర్తయ్యేలోపు కింద మెస్ మూసేశారు. యూఎస్‌బీ రూట్ హబ్‌లోకి వెళ్లి, కరెంటు ఆదా కోసం పోర్టుని నిద్రపుచ్చే ఆప్షన్‌కి టిక్ తీసేశా. రీస్టార్ట్. ఇంకో పోర్ట్. మళ్లీ రీస్టార్ట్. మధ్యలో వాడు “అన్నా, నీకొకటి చెప్పాలె...” అని మొదలుపెట్టాడు. “ఆగు రా, రీస్టార్ట్ అవుతోంది” అన్నా. స్క్రీన్ మీద తిరుగుతున్న చుక్కల్ని చూస్తూ కూర్చున్నా. వాడు ఆగిపోయాడు. రాత్రి పదకొండైంది.

ఆదివారం పొద్దున నా కంట్రోలర్ తీసుకెళ్లి అదే పోర్టులో పెట్టా. టింగ్‌మని చప్పుడు, వెంటనే పేరు వచ్చేసింది. ఇంకేం, తీర్పు చెప్పేశా: “పోర్ట్ బాగుంది, విండోస్ బాగుంది. నీ కంట్రోలరే పోయింది రా.”

వాడేం మాట్లాడలేదు. దాన్నీ దాని కేబుల్‌నీ ఓ ప్లాస్టిక్ కవర్‌లో పెట్టాడు. “చిక్కడపల్లిల రిపేర్ షాప్ ఉంది, ఒక్కసారి చూపిద్దామా?” అన్నాడు. నాకు నమ్మకం లేదు కానీ వాడి ముఖం చూసి కాదనలేకపోయా.

సిటీ సెంట్రల్ లైబ్రరీ మీదుగా నడిచాం. ఆదివారమైనా లోపల కుర్చీ దొరకనివాళ్లు చెట్ల కింద పుస్తకాలు పరుచుకుని కూర్చున్నారు. పక్కన వాటర్ బాటిల్, టిఫిన్ బాక్స్. తమ్ముడు ఇద్దరు ముగ్గురికి చెయ్యి ఊపాడు, కవర్ మాత్రం వెనక్కి దాచుకున్నాడు.

షాపంటే ఓ కౌంటర్, వెనక స్టూల్, అంతే. ఆయన అప్పుడు ఓ ఫోన్ స్క్రీన్ ఊడదీస్తున్నాడు. నేను రాత్రి చేసినవన్నీ వరసగా చెప్పా, డ్రైవర్లతో సహా. ఆయన తలెత్తకుండా ఒకటే అడిగాడు.

“కేబుల్ మార్చి చూసిండ్రా?”

చూడలేదు. పొద్దున మార్చింది కంట్రోలర్ ఒక్కటే అనుకున్నా. కానీ నా కంట్రోలర్‌కి కేబుల్ ఊడిరాదు, దానికే అతికి ఉంటుంది. వాడిది విడిగా పెట్టుకునేది. అంటే ఒకేసారి రెండు మార్చి, నేరం ఒకదాని మీదే వేశా. ఆఫీసులో జూనియర్ ఎవరైనా ఇలా టెస్ట్ చేసి రిపోర్ట్ ఇస్తే నేనే వెనక్కి పంపేవాణ్ని.

“లైట్ వెలుగుతోంది కదా అన్నా, కేబుల్ బాగున్నట్టే కదా?” అని తమ్ముడు ఆయన్నే అడిగాడు. రాత్రంతా నేను అనుకున్నదీ అదే. ఆయన ఆ కేబుల్‌తో తన ఫోన్‌ని షాప్ కంప్యూటర్‌కి కలిపాడు. ఫోన్ ఛార్జ్ అవుతోంది. కంప్యూటర్‌లో మాత్రం ఫోన్ లేదు. “ఇది ఉత్త ఛార్జింగ్ కేబుల్. కరెంటే పోతది, డేటా పోదు.”

లోపల జరిగేది ఇదీ. మామూలు యూఎస్‌బీ పిన్నులోకి చూడండి, నాలుగు బంగారు రంగు పట్టీలు కనిపిస్తాయి. అటూ ఇటూ చివర్లలో ఉన్నవి కరెంటుకి, ఐదు వోల్టులు. మధ్యలో రెండు డేటాకి. కంట్రోలర్ పెట్టగానే అది డేటా తీగల్లో ఒకదాని మీద వోల్టేజ్ పెంచుతుంది. తలుపు తట్టినట్టన్నమాట. అప్పుడు కంప్యూటర్ “ఎవరు?” అని అడుగుతుంది. కంట్రోలర్ తన కంపెనీ నంబర్, మోడల్ నంబర్ చెప్తుంది. ఆ తర్వాతే డ్రైవర్ సంగతి. ఛార్జింగ్ కేబుల్‌లో మధ్య రెండు తీగలూ ఉండవు. కరెంటు అందుతుంది కాబట్టి లైట్ వెలుగుతుంది. తలుపు తట్టే తీగే లేదు కాబట్టి బయట ఎవరో ఉన్నారని కంప్యూటర్‌కి తెలియనే తెలియదు. తెలియనిదానికి నేను రెండు గంటలు డ్రైవర్లు వేశా.

కాబట్టి మీకు ఇలా జరిగితే ముందు ఎక్కడ ఆగిందో చూడండి. పెట్టినప్పుడు టింగ్ చప్పుడు కూడా లేదు, డివైస్ మేనేజర్‌లో కొత్తగా ఏమీ రాలేదు అంటే తీగలు, పోర్టు, కంట్రోలర్ సాకెట్ మీద అనుమానపడండి. సాఫ్ట్‌వేర్ జోలికి అప్పుడే పోవద్దు. ‘అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్’ అని పసుపు గుర్తుతో వస్తే, తలుపు తట్టింది కానీ మాట మధ్యలో తెగింది. లూజ్ పిన్నో, నలిగిన కేబులో, ఒక్కోసారి డ్రైవరో. డెస్క్‌టాప్ అయితే ముందువైపు పోర్ట్ వదిలేసి వెనక, నేరుగా మదర్‌బోర్డుకి ఉన్న పోర్టులో పెట్టి చూడండి. కేబుల్ మీద డౌట్ ఉంటే దాంతోనే మీ ఫోన్‌ని కంప్యూటర్‌కి కలిపి ఫైల్ ట్రాన్స్‌ఫర్ పెట్టండి. ఫోన్ ఛార్జ్ అవుతూ కంప్యూటర్‌లో కనిపించకపోతే వేరే కేబుల్ తెచ్చుకోండి. ఏది మార్చినా ఒకసారికి ఒక్కటే మార్చండి. పైన నా సంగతి చదివారుగా.

అలాగని ఛార్జింగ్ కేబుల్ అంటే మోసమని కాదు. ట్రిమ్మర్‌కీ టేబుల్ లైట్‌కీ డేటాతో పనేముంది? పైగా బస్టాండ్‌లాంటి చోట్ల పబ్లిక్ ఛార్జింగ్ పాయింట్లలో ఫోన్ పెట్టేవాళ్లకి అదే మేలు. అలాంటి చోట్ల కేబుల్ ద్వారా డేటా కొట్టేసే ‘జ్యూస్ జాకింగ్’ గురించి 2022లో రిజర్వ్ బ్యాంకే తన బుక్‌లెట్‌లో హెచ్చరించింది. డేటా తీగే లేకపోతే డేటా పోయే దారీ లేదు.

మరి ఈ కేబుల్ వాడి దగ్గరికి ఎలా వచ్చింది? అసలు కేబుల్‌ని రూమ్మేట్ ఒకతను ఊరెళ్తూ తన ఫోన్ కోసం పట్టుకుపోయాడు. బదులుగా వదిలి వెళ్లింది అతని స్టడీ లైట్‌ది. రెండూ నలుపే, రెండూ ఒకే పిన్ను. తమ్ముడు నాకీ సంగతి చెప్పలేదు, నేనూ అడగలేదు. డేటా కేబుల్‌కి నూట ఇరవై తీసుకుని, టెస్ట్ చేసినందుకు ఆయన ఏమీ తీసుకోలేదు.

రూమ్‌కొచ్చి పెట్టగానే టింగ్. వాడి ముఖం వెలిగింది. గేమ్ తెరిస్తే మాత్రం ఒక్క బటనూ పనిచేయట్లేదు! విండోస్, ఆర్ కలిపి నొక్కి ‘జాయ్ డాట్ సీపీఎల్’ అని కొడితే వచ్చే కిటికీలో బటన్లు నొక్కి చూశాం. అక్కడ అన్నీ వెలుగుతున్నాయి. అంటే విండోస్‌కి తెలుసు, గేమ్‌కి తెలియదు. కంట్రోలర్లకి రెండు భాషలున్నాయి. డైరెక్ట్‌ఇన్‌పుట్ పాతది. ఎక్స్‌ఇన్‌పుట్ 2005లో ఎక్స్‌బాక్స్ 360 వచ్చిన కాలం నాటిది. కొత్త గేములు చాలావరకు రెండోదే వింటాయి. వేరే కంపెనీల ప్యాడ్‌లలో చాలావాటికి మోడ్ మార్చే స్విచ్ కానీ, కొన్ని సెకన్లు నొక్కి పట్టాల్సిన బటన్ కానీ ఉంటుంది. ఏదో అప్పుడు మోడ్ మారిపోయింది. వాడిదాంట్లో మధ్య బటన్ నొక్కి పట్టుకుంటే లైట్ల వరస మారింది. గేమ్‌లో ఆటగాడు కదిలాడు.

మొదటి మ్యాచ్ నేను ఓడిపోయా. రెండోది మొదలయ్యాక అడిగా, “రాత్రి ఏదో చెప్పాలన్నావు?”

కళ్లు స్క్రీన్ మీంచి తీయకుండానే చెప్పాడు. ఈ ఏడాది ఎక్కడైనా ఉద్యోగం చూసుకుని, పక్కనే చదువుకుంటానని. బాబాయ్‌కి చెప్పలేక రెండు వారాల నుంచి ఇంటి ఫోన్ ఎత్తడం లేదట. “నువ్వు మాట్లాడతవా అన్నా?”

“మాట్లాడతా. నువ్వు కూడా పక్కనే ఉండాలి.”

“ఉంట” అని, ఆ సందులోనే ఇంకో గోల్ కొట్టాడు.

బయల్దేరే ముందు పాత కేబుల్‌కి తెల్ల టేపు చుట్టి, పెన్నుతో ‘లైట్’ అని రాసి రూమ్మేట్ టేబుల్ మీద పెట్టాడు. బాబాయ్‌కి సోమవారం సాయంత్రం ఫోన్ చేయాలని అనుకున్నాం, స్పీకర్‌లో పెట్టి.