ఉమ్మనీటి పొర: కాలిన గాయమునకు కప్పు

కాన్పు పిమ్మట మాయతో కూడ వెలువడు పలుచని పొరను పాతిపెట్టుట మన యిండ్లలో వాడుక. గర్భమున ఉమ్మనీటిని పట్టియుంచి శిశువును కాపాడినది ఈ పొరయే. చర్మము కాలినవారికిని ఇది రక్షణ కాగలదు.

చర్మము పోయినచోట దేహములోని నీరు ఊరి కారిపోవును. సూక్ష్మజీవులు లోన ప్రవేశించును. ఈ పొరను కప్పినచో రెండును తగ్గును, నొప్పియు ఉపశమించును. 1910లో అమెరికాలో డేవిస్ అను వైద్యుడు దీనిని చర్మమునకు బదులుగా వాడిచూచెను. చిక్కెల్ల నిలువచేయుటలోనే కలదు. తడిపొర త్వరలో కుళ్లును. ఎండబెట్టినచో ముడుచుకొని అప్పడమువలె పెళుసెక్కును. నీరు ద్రవరూపమున తొలగునపుడు పొరలోని సన్నని నారలను దగ్గరకు లాగివేయుటయే ఇందుకు కారణము.

గడ్డకట్టించి ఆరబెట్టుట దీనికి ఉపాయము. కర్పూరము కరగకయే ఆవిరియగుట అందరెరిగినదే. మంచుగడ్డయు అట్లు కాగలదు. కాని చుట్టునున్న ఒత్తిడి పాదరసమట్టమున 760 మిల్లీమీటర్లకు బదులు 4.6 మిల్లీమీటర్లకంటె తక్కువ కావలెను. శుభ్రపరచిన పొరను గడ్డకట్టించి, గాలి తీసివేసిన గదిలో నుంచి, కొద్దికొద్దిగా వేడి నిత్తురు. మంచు నీరు కాకయే ఆవిరియై పోవును. నారలు తమ చోటనే నిలుచును. తొందరపడి వేడి హెచ్చించినచో మంచు కరగి పనియంతయు చెడును.

పిమ్మట తేమ చొరని సంచిలో మూసి, కోబాల్టు-60 నుండి వెలువడు గామా కిరణములతో శుద్ధిచేయుదురు. 25 కిలోగ్రేల మోతాదు వాడుకలో నున్నది. అట్టి పొర శీతలయంత్రము లేకయే పొడిచోట ఏండ్ల తరబడి నిలుచును. కరెంటు నిలకడలేని ఊరి ఆసుపత్రికి ఇది చిన్న మేలు కాదు. ముంబయిలోని టాటా స్మారక ఆసుపత్రిలో 1988లో నెలకొల్పబడిన కణజాల నిధి ఈ విధముగ పొరలను సిద్ధపరచినది.

పొరలోని జీవకణములు ఈ ప్రక్రియలో బ్రతుకవు. కావున అది కప్పే గాని అతుకుచర్మము కాదు. లోతుగా కాలినచోట రోగి సొంత చర్మమునే అతుకవలసియుండును.

పొరను తల్లి సమ్మతితోనే సేకరింతురు. ఆమె రక్తమును హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ వ్యాధులకై పరీక్షింతురు. కిరణములు సోకినను కొన్ని వైరసులు మిగులవచ్చును గనుక ఈ పరీక్ష విడువరానిది. పచ్చిపొరను ఇంటివద్ద గాయముపై వేయుట ప్రమాదకరము.

వాడబోవునపుడు వైద్యుడు ఎండుపొరను కొన్ని నిమిషములు సెలైనులో తడుపును. మెత్తబడిన పొర గాయమున కంటుకొనును. అడుగున కొత్త చర్మము వచ్చుకొలది ఎండి, అంచులనుండి తానే ఊడిపోవును.